మా ఇంటికి వచ్చిన బాలల సంరక్షణ విచారణ: ఒక తండ్రి సమీక్ష

జిల్లా బాలల సంరక్షణ విభాగం, బాలల సంక్షేమ కమిటీ కలిసి జరిపే విచారణ మా ఇంట్లో 71 రోజులు సాగింది. ఆ సేవ ఎలా ఉందో, అటువంటి విచారణ ఎదురైన తల్లిదండ్రులకు ఏమేమి జరుగుతాయో తెలియజేయడానికి ఈ సమీక్ష రాస్తున్నాను. నేను గోదావరి డెల్టాలోని ఒక లంక గ్రామంలో ఉంటూ రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో జరిగినట్టే నా భార్య కువైట్‌కు ఇంటిపనికి వెళ్లింది. ఇది మూడో ఏడు. తొమ్మిదేళ్ల మా అమ్మాయిని పగలంతా చూసుకునేది మా అమ్మ. అమ్మాయి పేరు గాని, ఊరు, బడి, జిల్లా పేర్లు గాని ఇక్కడ రాయడం లేదు. విచారణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపడేలా ప్రచురించడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నిషేధించింది. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఈ నిబంధన కన్నవాళ్లకు కూడా వర్తిస్తుందన్నది తల్లిదండ్రులు మొదటి రోజే తెలుసుకోవాలి, ఎందుకంటే కోపంలో ఫోటోలతో సహా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవాళ్లు మనలోనే ఉంటారు.

ఈ సేవకు నేను ఐదుకు మూడున్నర మార్కులు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటిన్నర దాదాపు అంతా ఒకే లోపానికి: తర్వాత ఏం జరగబోతోందో మొదటి రోజు మాకు ఎవరూ చెప్పలేదు. విచారణ పెట్టిన బాధ కంటే ఆ తెలియనితనం పెట్టిన బాధే ఎక్కువ.

జరిగిన సంగతి దాచకుండా చెబుతాను. జూలైలో అమ్మాయికి కళ్లు పచ్చబడ్డాయి. నేను మిల్లులో ఉన్న వేళ మా అమ్మ పిల్లను పక్క ఊళ్లో పచ్చకామెర్లకు వాతలు పెట్టే మనిషి దగ్గరకు తీసుకువెళ్లి, కుడి ముంజేతి మీద వాత పెట్టించింది. మా ఇళ్లలో ఇది కొత్త కాదు. నా చేతి మీద కూడా చిన్ననాటి వాత మచ్చ ఉంది. ఆ రాత్రి పిల్ల ఏడుస్తుంటే కొబ్బరినూనె రాసి పడుకోబెట్టానే గాని, తప్పు జరిగిందన్న ఆలోచన నాకు రాలేదు. నాలుగు రోజులకు ఆ పుండు చీము పట్టింది. అమ్మాయి చెయ్యి దాచుకుంటూ బడికి వెళ్లింది. ఎవరో చూసి 1098కి ఫోన్ చేశారు.

1098 అంటే పిల్లల కోసం రోజంతా పనిచేసే ఉచిత ఫోన్ నంబరు. 1996లో ముంబయిలో చైల్డ్‌లైన్ పేరుతో మొదలైన ఈ సేవను 2023 నుంచి ప్రభుత్వమే నేరుగా నడుపుతూ అత్యవసర నంబరు 112తో అనుసంధానించింది. ఫోన్ చేసింది ఎవరో వచ్చినవారు మాకు చెప్పలేదు. మొదటి వారమంతా నేను ఆ ఒక్క సంగతి తెలుసుకోవాలని బడి చుట్టూ, అంగన్‌వాడీ చుట్టూ తిరిగాను. అది నేను చేసిన పెద్ద పొరపాటు. ఇద్దరు ముగ్గురిని అనుమానించి మాట అన్నాను, వాళ్లలో ఒకరు ఇప్పటికీ మా గుమ్మం తొక్కరు. ఎవరు చేసినా ఆ ఫోన్ వల్లే పిల్లకు సరైన కట్టు పడింది.

మొదటిసారి సోమవారం సాయంత్రం నాలుగు గంటలకు ముగ్గురు వచ్చారు. ఒకరు సంరక్షణ విభాగంలో సామాజిక కార్యకర్తగా పనిచేసే ఆవిడ, ఒకరు గ్రామ సచివాలయంలోని మహిళా పోలీసు, మూడో ఆయన ఎవరో చివరివరకు తెలియలేదు. నా తీవ్రమైన అభ్యంతరం ఆ మూడో ఆయన మీదనే. ఆయన పేరు చెప్పలేదు, గుర్తింపు కార్డు చూపలేదు, ఏ కాగితమూ ఇవ్వలేదు. అరుగు మీద కూర్చున్న మా అమ్మతో, ఊరివాళ్లు వింటుండగా, “పిల్లను హోమ్‌లో పడేస్తాం, నిన్ను జైల్లో పెడతాం” అని గద్దించారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పిల్లను అలా హోమ్‌లో పడేయాలన్న మాట చట్టంలో ఎక్కడా లేదని తర్వాత తెలుసుకున్నాను. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 3వ సెక్షన్‌లోనే పిల్లలను సంరక్షించే ప్రాథమిక బాధ్యత కుటుంబానిదని, పిల్లను సంస్థలో ఉంచడం మిగతా దారులన్నీ చూసిన తర్వాత ఆఖరి మార్గమని స్పష్టంగా రాసి ఉంది. బెదిరించడానికి పట్టిన సమయంలో ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే మా ఇంట్లో ఆ రాత్రి వేరుగా గడిచేది.

సామాజిక కార్యకర్త పద్ధతి మాత్రం పూర్తిగా భిన్నంగా ఉంది. ఆవిడ పోలీసు కాదు, యూనిఫాం లేదు. ముందు పిల్ల చెయ్యి చూసి, జ్వరం ఉందో లేదో ముట్టుకుని చూసి, తర్వాత పెరట్లో కొబ్బరిచెట్టు కింద పిల్లతో విడిగా ఇరవై నిమిషాలు మాట్లాడారు. నేను దగ్గరకు వెళ్లబోతే, “మీరున్నప్పుడు మీకు నచ్చే మాటే చెబుతుందండి, కాసేపు ఆగండి” అన్నారు. ఆ మాట నాకు అప్పుడు గుచ్చుకుంది. వంటగది, పిల్ల పడుకునే చోటు, బడి సంచి, పాత మందుల చీటీలు చూశారు. ఇవన్నీ తల్లిదండ్రులు ఎదురుచూడవలసిన సంగతులే. ఇల్లు ఎంత గొప్పగా ఉందన్నది వాళ్లకు పట్టదు, పిల్లకు తిండి, నిద్ర, చదువు, వైద్యం ఎవరు చూస్తున్నారన్నదే వాళ్లు వెతుకుతారు. అందుకని ఇల్లు సర్దే ప్రయత్నం చేయవద్దు. పిల్లకు ఏం చెప్పాలో నేర్పే ప్రయత్నం అసలే చేయవద్దు. నేర్పిన మాట ఆ వయసు పిల్లల నోట ఇట్టే తెలిసిపోతుంది, దానితో అసలు నిజాన్ని కూడా నమ్మకుండా పోతారు.

అదే సాయంత్రం ఏరియా ఆసుపత్రికి తీసుకువెళ్లారు. పుండు శుభ్రం చేసి కట్టు కట్టి, రక్తపరీక్ష చేసి ఆ రాత్రి వార్డులో ఉంచారు. నన్ను పక్కనే ఉండనిచ్చారు. డ్యూటీ డాక్టరుగారు చెప్పిన మాట మా లంకల్లో ప్రతి ఇంటికీ తెలియాలి. మా అమ్మాయికి వచ్చింది కలుషితమైన నీటివల్ల, తిండివల్ల వచ్చే హెపటైటిస్ ఏ. అది పిల్లల్లో చాలావరకు విశ్రాంతి, తగిన ఆహారంతో కొన్ని వారాల్లో తానే తగ్గిపోతుంది. తానే తగ్గిన జబ్బుకు పేరు వాతకు వస్తోంది, తరాల తరబడి మన నమ్మకం అలా నిలిచింది. నా చేతి మీద మచ్చ గురించి అడిగితే ఆయన జవాబు చెప్పలేదు, చూసి ఊరుకున్నారు.

మర్నాడు ఉదయం బాలల సంక్షేమ కమిటీ ముందుకు వెళ్లాం. రక్షణ అవసరమైన పిల్లను, ప్రయాణ సమయం మినహాయించి, 24 గంటల్లోగా కమిటీ ముందు హాజరుపరచాలని చట్టం చెబుతుంది. కమిటీలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. వారిలో కనీసం ఒకరు మహిళ అయి ఉండాలి. తుది నిర్ణయం తీసుకునేటప్పుడు కనీసం ముగ్గురు హాజరు కావాలి. కమిటీకి మొదటి తరగతి జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలు ఉన్నాయి. ఇంత విని బోనులో నిలబడాలేమో అనుకున్నాను. అక్కడ బోను లేదు, ఎత్తయిన వేదిక లేదు. ఒక మామూలు బల్ల చుట్టూ కుర్చీలు, గోడకు పిల్లలు వేసిన బొమ్మలు ఉన్నాయి. చైర్‌పర్సన్ మేడం మొదట అమ్మాయితో మాట్లాడారు, తర్వాతే నాతో. ఇది కోర్టు కాదని, ఎవరికి శిక్ష వేయాలన్నది తాము తేల్చరని, ఈ పిల్ల ఎక్కడ, ఎవరి దగ్గర క్షేమంగా ఉంటుందన్నదే తేలుస్తామని ఆమె చెప్పారు. ముందురోజు సాయంత్రం నుంచి నేను వినాలనుకున్నది ఈ నాలుగు మాటలే.

ఇక్కడ తల్లిదండ్రులు బాగా గుర్తుపెట్టుకోవలసింది ఒకటి ఉంది. కమిటీ దారి వేరు, క్రిమినల్ కేసు దారి వేరు. పిల్ల బాధ్యత చేతిలో ఉన్నవారు హింసిస్తే, పట్టించుకోక అనవసరమైన శారీరక బాధకు గురిచేస్తే, జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ ఉండవచ్చు. కాని దాన్ని పోలీసులు దర్యాప్తు చేయాలి, న్యాయస్థానం తేల్చాలి. మా విషయంలో వాత పెట్టిన మనిషి సంగతి కమిటీ పోలీసులకు పంపింది. అది ఇంకా నడుస్తున్నది కనుక అంతకు మించి రాయను. రెండు దారులూ ఒకేసారి నడవవచ్చు, ఒకదానిలో ఊరట దొరికినంత మాత్రాన రెండోది ముగిసినట్టు కాదు.

ఆ రోజు కమిటీ రెండు ఉత్తర్వులు ఇచ్చింది. మొదటిది, విచారణ ముగిసేవరకు అమ్మాయి నా దగ్గరే ఉండవచ్చునని. దానికి నేను హామీ పత్రం రాసి ఇవ్వాలి. పిల్లకు వైద్యం చేయిస్తానని, బడి మాన్పించనని, పిలిచినప్పుడు కమిటీ ముందుకు తీసుకువస్తానని, కమిటీకి చెప్పకుండా వేరే చోటికి తరలించనని అందులో ఉంది. పత్రాన్ని నిదానంగా, ప్రతి వాక్యమూ చదివి సంతకం పెట్టాను. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎవరడిగినా పెట్టవద్దు. రెండోది, మా కుటుంబం గురించి సామాజిక పరిశోధన నివేదిక తయారుచేయమని. ఈ నివేదిక 15 రోజుల్లో రావాలి, మొత్తం విచారణ పిల్లను మొదట హాజరుపరచిన నాటి నుంచి నాలుగు నెలల్లో ముగియాలి.

నివేదిక కోసం అడిగే ప్రశ్నలకు మనసును సిద్ధం చేసుకోవాలి. ఆదాయం ఎంత, అప్పులు ఎన్ని, ఇంట్లో ఎవరైనా తాగుతారా, భార్యాభర్తల మధ్య మాటలు ఎలా ఉంటాయి, పిల్లను కొడతారా, ఎందుకు కొడతారు, పిల్లకు స్నేహితులు ఎవరు, పక్కింటివాళ్లు ఏమంటారు, ఇలా రెండు పూటలు అడిగారు. కువైట్‌లో ఉన్న నా భార్యతో ఇమోలో వీడియో కాల్ చేయించి మాట్లాడారు. యజమాని ఇంట్లో పని మధ్యలో, వంటగది తలుపు వేసుకుని, ఆమె ఏడుస్తూ జవాబులు చెప్పింది. “నువ్వు వెళ్లడం వల్లే ఇలా జరిగింది” అన్న అర్థం వచ్చే ప్రశ్న ఒక్కటి కూడా ఆ సామాజిక కార్యకర్త అడగలేదు. ఊళ్లో ఆ మాట అననివాళ్లు తక్కువ. ఈ ఒక్క సంస్కారానికి నేను అర మార్కు ఎక్కువే వేశాను.

నివేదిక మాత్రం 15 రోజుల్లో రాలేదు, 22వ రోజున చేరింది. ఇందులో అధికారుల తప్పు కొంత, గోదావరి పని కొంత. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 13.75 అడుగులు దాటి రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన వారం మా లంకకు వచ్చే కాజ్‌వే మునిగిపోయింది. నాటు పడవలు తప్ప దారి లేదు. రెండో వాయిదాకు పిల్లను వరదలో దాటించడం నాకు ఇష్టం లేక ముందురోజే విభాగానికి ఫోన్ చేసి, సచివాలయం నుంచి మెసేజ్ కూడా పెట్టించాను. వాయిదా మార్చారు, ఎవరూ తప్పుపట్టలేదు. చెప్పకుండా మానేసి ఉంటే హామీ పత్రాన్ని మీరినట్టయ్యేది. లంకల్లో ఉండేవారు ఈ జాగ్రత్త తప్పక తీసుకోవాలి.

గోప్యత విషయంలో విభాగం మెరుగుపడాలి. శాఖ పేరున్న బోర్డుతో జీపు వచ్చి రావిచెట్టు దగ్గర ఆగితే, గంటలో ఊరంతటికీ తెలియకుండా ఎలా ఉంటుంది? పిల్లల గోప్యత కాపాడాలని చట్టం సూత్రంగా పెట్టింది, ఆ సూత్రం జీపు ముందు అద్దానికి కూడా వర్తించాలి. రెండోసారి నేను అడిగితే సామాజిక కార్యకర్త ఆటోలో వచ్చారు. అడగవలసిన అవసరం రాకూడదు.

ఇప్పుడు ఈ విచారణలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తాను. తుది వాయిదా రోజున చైర్‌పర్సన్ మేడం నివేదికలోని ఒక భాగం నాకు, మా అమ్మకు చదివి వినిపించారు. అది కొబ్బరిచెట్టు కింద పిల్ల చెప్పిన మాట. “మామ్మతో వద్దన్నాను. నాన్నకు ఫోన్ చెయ్యమన్నాను. నాన్న మిల్లులో బస్తాలు లెక్కపెడుతూ ఫోన్ ఎత్తడని మామ్మ చెయ్యలేదు.” మా అమ్మ అక్కడే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఎందుకంటే ఆ మాట నిజం. మిల్లులో ఫోన్ సొరుగులో పెట్టి మధ్యాహ్నం దాకా తీసేవాడిని కాదు. పిల్ల వద్దన్నదని ఇన్ని వారాల్లో మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు అనడానికి వీల్లేదు. మా అమ్మకు తెలుసు, చిన్నపిల్ల మాట కనుక లెక్కలోకి రాలేదు. నేను అడగలేదు. తనకు సంబంధించిన ప్రతి నిర్ణయంలో పిల్ల మాట వినాలని చట్టంలో ఒక సూత్రం ఉందట. మా ఇంట్లో ఆ పని మొదట చేసింది బయటినుంచి వచ్చిన మనిషి. ఈ సేవ విలువ నాకు అక్కడ తెలిసింది.

71వ రోజున తుది ఉత్తర్వు ఇచ్చారు. అమ్మాయి మా దగ్గరే ఉంటుంది. మా అమ్మకు, నాకు కౌన్సెలింగ్. పుండు పూర్తిగా మానేవరకు ఆసుపత్రి చీటీలు చూపాలి. కొన్ని నెలలపాటు సామాజిక కార్యకర్త వచ్చి చూసి వెళతారు. పేద కుటుంబాల పిల్లలను ఇంట్లోనే ఉంచి పెంచుకోవడానికి మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం ఉందని కూడా వారే చెప్పారు. మా ఆదాయం పరిమితికి మించింది గనుక మాకు రాలేదు, కాని వరండాలో మా పక్కన కూర్చున్న ఒక ఒంటరి తల్లికి ఆ దరఖాస్తు అక్కడికక్కడే నింపి ఇచ్చారు.

అదే వరండాలో ఒకతను, “లోపల నాకు తెలిసినవాళ్లున్నారు, ఐదు వేలు ఇస్తే పిల్లను ఇవాళే ఇప్పిస్తాను” అని నా దగ్గరకు వచ్చాడు. ఈ విచారణలో ఏ దశలోనూ రుసుము లేదు. వకీలు కావాలనుకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లాలి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కమిటీ ఉత్తర్వు అన్యాయమనిపిస్తే 30 రోజుల్లోగా బాలల న్యాయస్థానంలో అప్పీలు చేయవచ్చు. స్పాన్సర్‌షిప్, ఫాస్టర్ కేర్ (పిల్లను కొంతకాలం వేరే కుటుంబంలో ఉంచి పెంచడం) నిర్ణయాల మీద అప్పీలు, కమిటీ పనితీరు మీద ఫిర్యాదు జిల్లా కలెక్టరు వింటారు. మొదటి రోజు మా అమ్మను బెదిరించిన వ్యక్తి గురించి నేను లిఖితపూర్వకంగా విభాగానికి ఇచ్చాను, రసీదు కూడా తీసుకున్నాను. ఇది రాసే నాటికి జవాబు రాలేదు.

లైంగిక వేధింపు అనుమానం ఉన్న కేసుల్లో పద్ధతి మారుతుంది, అక్కడ 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. పిల్ల వాంగ్మూలాన్ని ఇంట్లో గాని, పిల్ల కోరుకున్న చోట గాని తీసుకోవాలి. వీలైనంతవరకు సబ్‌ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. తల్లిదండ్రులు గాని, పిల్ల నమ్మే మరొకరు గాని పక్కన ఉండాలి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచకూడదు. కమిటీకి కూడా పోలీసులు 24 గంటల్లో తెలియజేయాలి. ఇవి కాదంటే అక్కడే అడగండి.

ఉత్తర్వుల నకళ్లు, హామీ పత్రం నకలు, ఆసుపత్రి చీటీలు, వచ్చినవారి పేర్లు, వచ్చిన తేదీలు అన్నీ రేషన్ కార్డు పెట్టుకునే రెగ్జిన్ సంచిలోనే ఉంచుకున్నాను. మూడుసార్లు ఆ సంచే నన్ను ఆదుకుంది. కొత్తగా ఇలాంటి విచారణలో పడినవారు మొదటి సందర్శనలోనే మూడు అడగాలి: మీ పేరు, హోదా ఏమిటి, పిల్ల ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుంది, మళ్లీ మేము ఎప్పుడు, ఎక్కడికి రావాలి. విభాగం వారు ఈ మూడింటికీ జవాబులు ఒక అరకాగితం మీద తెలుగులో అచ్చువేసి మొదటి రోజే చేతిలో పెడితే నేను తగ్గించిన మార్కుల్లో ఒకటి వెంటనే కలుపుతాను.

మూడో పర్యవేక్షణ సందర్శన నవంబరులో జరిగింది. సామాజిక కార్యకర్త అమ్మాయి చెయ్యిని వాకిట్లో వెలుతురుకు తిప్పి చూసి, మచ్చ సంగతి రాసుకుని, మా అమ్మను కూడా పక్కన కూర్చోబెట్టుకుని అరగంట మాట్లాడారు. వెళ్లేముందు తన ఫోన్ నంబరు అమ్మాయి నోటుపుస్తకం అట్ట వెనక రాసిచ్చారు. దాని కింద అమ్మాయి మిల్లు ఆఫీసు నంబరు రాసుకుంది.